వెలయు సంభావనయు: అభిమాన వస్తువిక్రయ భాషపై నొక పరిశీలనము

తెలుగున ఉత్తమపురుష బహువచనమునకు రెండు సర్వనామములు కలవు. వినువానిని కలుపుకొని చెప్పునపుడు ‘మనము’. వానిని వేఱుగా నుంచి చెప్పునపుడు ‘మేము’. సంస్కృతమున ‘వయమ్’ అను నొక్క పదమే యీ రెండు పనులను చేయును. ద్రావిడభాషలు పెక్కింట గల యీ భేదమును తెలుగు బిడ్డ బడికి పోకమునుపే నేర్చుకొనును. అన్నదమ్ములలో నొకడు ‘మన యిల్లు’ అనుట మాని ‘మా యిల్లు’ అన్ననాడే ఆ యింట గోడ లేచినదని పెద్దలు గ్రహింతురు. ఇంతటి చిన్న భేదము నేడొక పెద్ద వ్యాపారమునకు మూలధన మగుచున్నది. అది యెట్లో పరిశీలించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ పరిశీలనమునకు మమ్ము పురికొల్పినది హుజూరాబాదులో మా తరగతియందు జరిగిన యొక స్వల్పసంఘటన. విద్యార్థి యొకడు క్రొత్త టీషర్టు ధరించి వచ్చెను. దానిపై వాడు నిత్యము చూచు వీడియోల కర్త పలుకు ఊతపదము ముద్రింపబడి యున్నది. వెల 1,199 రూపాయలని చెప్పెను. అట్టి బట్టయే, ఆ ముద్ర లేనిది, ఊరిలోని దుకాణమున 250 రూపాయలకు దొరకును. ఇంత వెల యేల యిచ్చితివని ప్రశ్నించితిమి. వాని ప్రత్యుత్తర మిది: “మన అన్నది సార్. మనమే కొనకపోతే ఇంకెవలు కొంటరు?” ఆ మాటలో కపటము లేదు. ఆ డబ్బు మాత్రము వానిది కాదు. పత్తి పండించు వాని తండ్రిది.

పత్తి ప్రసక్తి వచ్చినది కావున ముందుగా నొక లెక్క చూడవలసి యున్నది. 2025–26 సంవత్సరమునకు పొడవుపింజ పత్తికి కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. అనగా కిలో యెనుబదియొక్క రూపాయలు. గింజ తీసిన పిమ్మట మిగులు దూది యించుమించు మూడవవంతు మాత్రమే. కావున రెండువందల గ్రాముల తూకముగల నూలు టీషర్టునకు, వడకుటలో పోవు తరుగును కలుపుకొన్నను, సుమారు ఏడువందల గ్రాముల పత్తి చాలును. దాని వెల యేబదియేడు రూపాయలు. ఈ మద్దతు ధర పొందుటకు సయితము హుజూరాబాదునకు చేరువనున్న జమ్మికుంట మార్కెటువంటి చోట్ల రైతు తన పత్తిని పరీక్షకు పెట్టవలయును. తేమ నూటికి ఎనిమిది పాళ్లు దాటినచో ధర తగ్గును. పండ్రెండు దాటినచో పత్తి సంస్థ కొననే కొనదు. పండించినవాని వస్తువు ఇంత నిశితముగా తూచబడుచుండగా, దానినుండి పుట్టిన బట్ట మఱల వాని యింటికి వచ్చునపుడు తూకమును, పరీక్షయు, బేరమును లేకుండ వచ్చుచున్నది. వడకుట, అల్లిక, రంగు, కుట్టు, రవాణా, పన్ను, వ్యాపారి లాభము అన్నియు చేరియే దుకాణమున 250 రూపాయలైనది. మిగిలిన 949 రూపాయలు దేనికి వెల?

మా సమాధానము: అవి వెలయే కావు, సంభావన. ఈ రెండింటిని మన పూర్వులు ఎన్నడును కలిపివేయలేదు. వస్తువున కిచ్చునది వెల, వ్యక్తి కిచ్చునది సంభావన. వెలకు కొలత వస్తువు. సంభావనకు కొలత ఇచ్చువాని మనస్సును శక్తియును. ఉత్తర తెలంగాణపు పల్లెలలో ఒగ్గుకథకులు మల్లన్నకథ చెప్పినపుడు గృహస్థు లిచ్చిన బియ్యమును, పైకమును కథకు వెల యని యెవరును తలపరు. కలిగినవాడు కలిగినంత యిచ్చును, లేనివాడు విని నమస్కరించి పోవును. లేనివాని కిచ్చట అవమానము లేదు. అభిమాన వస్తువునందు జరుగుచున్న దేమనగా, సంభావన వెల యను వేషము ధరించుచున్నది. ఇచ్చువాడు తాను బహుమానమిచ్చుచున్నా నని యెఱుగడు, కొనుచున్నా ననుకొనును. పుచ్చుకొనువాడు కృతజ్ఞత చూపనక్కఱలేదు, అమ్మితి ననును.

ఈ వేషధారణ భాషవలననే సాధ్యమగుచున్నది. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబులలో కాననగు తెలుగు విక్రయప్రసంగములను గమనించినచో నాలుగు లక్షణములు పొడగట్టును. మొదటిది ‘మన’ శబ్దప్రయోగము. ‘మన బ్రాండు వచ్చినది’, ‘మన టీషర్టు’, ‘మన ఫ్యామిలీ’ అందురు. కొనుట యందఱిది గనుక అంతవరకు ‘మన’ యనుట చెల్లును. లాభము పంచుకొనువేళ ఆ ‘మన’ నిశ్శబ్దముగా ‘మా’ యగును. తెలుగు వ్యాకరణము స్పష్టముగా నిచ్చిన భేదమును చెఱపుటచేతనే యీ వాక్యము పని చేయుచున్నది. రెండవది బంధువాచకము. చూచువాడు ‘తమ్ముడు’, ‘చెల్లె’. తమ్ముడు అన్నతో బేరమాడుట మర్యాద కాదు కదా! మూడవది కాలనియమము: ‘ఈ రాత్రివఱకే’, ‘కొన్నియే మిగిలినవి’. నాలుగవది వెల గోపనము. ధర కావలసినవారు వేఱుగా సందేశము పంపవలెనందురు. బజారున పదిమంది నడుమ చెప్పవలసిన మాట చెవిలో చెప్పబడుచున్నది.

ఈ బంధుభాష యెల్లెడల కపటమే యని మేము చెప్పుట లేదు. నేటి జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లినుండి వెలువడిన ‘మై విలేజ్ షో’ వీడియోలు ఈ ప్రాంతపు పలుకుబడిని లోకమునకు వినిపించినవి; గంగవ్వను తెలుగువా రెల్లరు తమ యింటి పెద్దగా నెంచిరి. తన మాటను ఒకరు తెరపై పలుకగా విన్న పల్లె బాలునకు కలుగు ఆత్మీయత సత్యమైనది. సత్యమైనది గనుకనే అది వ్యాపారమున కింత విలువగల సరకైనది. నకిలీ ఆత్మీయతను ఎవ్వరును 949 రూపాయలిచ్చి కొనరు.

ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. వేదము ప్రభువువలె శాసించును. పురాణేతిహాసములు మిత్రునివలె బోధించును. కావ్యము కాంతవలె రంజింపజేసి ఒప్పించును. మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పిన యీ విభాగమునే మన యోరుగంటి విద్యానాథుడును ప్రతాపరుద్రీయమున గ్రహించెను. మిత్రవాక్యమునకు అర్థము ప్రధానము. ‘ఇట్లు చేసినవాని కిట్టి ఫలము కలిగెను’ అని కారణమును చూపి, నిర్ణయమును వినువానికి వదలుట దాని స్వభావము. పై విక్రయప్రసంగములు మిత్రుని కంఠముతో నారంభమగును. కాని అవి కారణము చెప్పవు, నిర్ణయమునకు వ్యవధి యియ్యవు. ‘ఇప్పుడే కొనుడు’ అని ముగియును. కావున వీనిని సుహృద్వేషము ధరించిన ప్రభువాక్యములని మేము నిర్వచించుచున్నాము. ప్రభువాజ్ఞను వినినవాడు అది ఆజ్ఞ యని యెఱుగును. ఎదిరించుటయో లోబడుటయో చేయును. మిత్రుని వేషముతో వచ్చిన యాజ్ఞ కెదురాడువాడు మాత్రము తాను స్నేహద్రోహము చేయుచున్నానేమో యని శంకించును.

సంభావన సంభావనగానే ప్రకటితమైన సందర్భమొకటి యిచ్చట పోల్చి చూడదగినది. ‘అర్జున్ రెడ్డి’ (2017) చిత్రముతో ప్రసిద్ధుడైన విజయ్ దేవరకొండ తన అభిమానులను ‘రౌడీలు’ అని పిలుచుచు, 2018లో ఆ పేరుతోనే వస్త్రముల విక్రయము నారంభించెను. ఆ యేడే తనకు లభించిన ఫిల్మ్‌ఫేర్ పురస్కారమును వేలము వేయగా 25 లక్షల రూపాయలు వచ్చెను. ఆ ధనము తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి సమర్పింపబడెను. ఆ ప్రతిమలోని లోహమున కంత వెల లేదని అమ్మినవాడును, కొన్నవారును, చూచినవారును ఎఱుగుదురు. ఇచ్చినది దేనికొఱకో, చేరునది యెచ్చటికో బహిరంగము. కావున అది యధికధర యని యెవ్వరు ననలేదు. దుకాణములోని వస్త్రము విషయమున నట్టి స్పష్టత కుదురదు. ఏ తారపేరు మోసిన వస్త్రమునందైనను నూలు వెల యెంత, పేరు వెల యెంత యను విభజన చీటిపై నుండదు. ఇది యొక వ్యక్తిపై ఆక్షేపణ కాదు. ఆ విక్రయరూపమునకే గల లక్షణము.

వేషము తొలగిన క్షణమును సయితము తెలుగు లోకము చూచినది. రాజమహేంద్రవరమునకు చెందిన ‘అలేఖ్య చిట్టి పికిల్స్’ అను పచ్చళ్ల వ్యాపారము ఇన్‌స్టాగ్రామ్ ప్రసిద్ధివలన వృద్ధిపొందినది. 2025 ఏప్రిల్‌లో ధర హెచ్చుగా నున్నదని వాట్సాప్‌లో వ్రాసిన కొనుగోలుదారునకు దుర్భాషలతో నిండిన శ్రవ్యసందేశము ప్రత్యుత్తరముగా వచ్చెను. అది రాష్ట్రములందంతట వ్యాపించెను. పిమ్మట క్షమాపణయు చెప్పబడెను. ఆ మాటల కటుత్వముకంటె వానికి కారణమైన ప్రశ్న మాకు ముఖ్యము. అంగడిలో ‘ఇంత ధరయా?’ అనుట కొనువాని సహజమైన మాట. దానినుండియే బేరము పుట్టును. ఈ క్రొత్త విక్రయమున అదే మాట అపరాధమైనది. ధర యడిగినంతనే చెడు బంధుత్వము ధరతో కట్టబడిన బంధుత్వమే.

బ్రిటనున లోగన్ పాల్, కేఎస్ఐ అను యూట్యూబు ప్రసిద్ధులు 2022లో వెలువరించిన ‘ప్రైమ్’ అను పానీయమునకై బాలురు దుకాణములయెదుట బారులు తీరిరి. రెండు పౌనుల సీసా చేతులు మారి అనేక రెట్లకు అమ్ముడుపోయెను. కావున ఇది తెలుగువారికే పరిమితమైన బలహీనత కాదు.

చట్టమేమి చేయును? 2019 వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు, దానిని సమర్థించిన ప్రసిద్ధునకును, తొలితప్పునకు పదిలక్షల రూపాయలవఱకు జరిమానా విధింప వీలు కల్పించినది. 2022 జూన్ 9 నాటి మార్గదర్శకములు పిల్లలను సూటిగా కొనుమని ప్రేరేపించుటను, తల్లిదండ్రులచే కొనిపింపుమనుటను నిషేధించినవి. ఇవి మెచ్చదగినవి. కాని చట్టము అసత్యమును పట్టును, ‘మన’ యను శబ్దమును పట్టజాలదు. టీషర్టు నూలుదని చెప్పిరి, అది నూలుదే. వెల ముద్రించిరి, ఆ వెలకే అమ్మిరి. ఇచ్చట మోసము పదార్థమున లేదు, సంబోధనయందున్నది.

‘ఇష్టపడి కొనువానికి నష్టమేమి? వీడియోలు ఉచితముగా చూచినవాడు ఆ కర్తకు కొంత యిచ్చుట న్యాయమే కదా’ యని యొక పూర్వపక్షము వినవచ్చును. న్యాయమే. కళాకారుడు బ్రదుకవలయును. అట్లయిన ‘నా పనికి సాయపడుడు’ అని యడుగుటయే మార్గము. అట్లడిగినచో ఇయ్యలేని బాలుడు సిగ్గుపడక వీడియో చూడగలడు. వస్తురూపమున నడిగినపుడు కొన్నవా డొక వర్గమును, కొననివాడు వేఱొక వర్గము నగుదురు. మా తరగతిలో ఆ చొక్కా లేనివారు నలువదిమంది యుండిరి. వారిలో కొందఱు మఱునాడు తల్లిదండ్రులను డబ్బడిగి యుందురు. ‘మన’ యన్న పిలుపు చివరకు ‘మన’లో నుండి పేదవానినే వెలివేయుచున్నది.

విమర్శ కావ్యములకే పరిమితము కారాదు. మా విద్యార్థులు దినమునకు పద్యము లెన్ని చదువుదురో కాని, ఇట్టి ప్రసంగములను పదులకొలది విందురు. కావున ఆ పిదప పాఠములో మేము సర్వనామ ప్రకరణమును వీనితోనే బోధించితిమి. నాలుగు విక్రయవాక్యములు నల్లబల్లపై వ్రాసి, ‘మన’ యున్నచోటనెల్ల ‘మా’ యని దిద్ది చదువుమంటిమి. ‘మా బ్రాండు వచ్చినది, మీరు కొనుడు’ అని చదివి తరగతి యంతయు నవ్వెను. ఆ టీషర్టు ధరించిన బాలుడును నవ్వెను. కొంతసేపటికి వా డడిగిన ప్రశ్న యిది: “మరి మన అన్న మనోడు కాదా సార్?” వాని ప్రేమ తప్పు కాదనియు, దానికి వెల యుండనక్కఱలేదనియు చెప్పితిమి. ఆ సమాధానము వానికి చాలినదని మేము చెప్పజాలము. ఆ ప్రశ్న మాత్రము వాడు మఱల వేసికొనును.