వెలివేసింది ఎవరు? – వీడియో ఆటగాడి మూసబొమ్మ

వీడియో గేములు ఆడేవాడు నలుగురిలో ఇమడలేనివాడనీ, సంఘానికి దూరమై చీకటిగదిలో తెర ముందు బతికేవాడనీ ఒక అభిప్రాయం లోకంలో బాగా వ్యాపించి ఉన్నది. తల్లిదండ్రులు ఆ మాట అంటారు, పత్రికలు రాస్తాయి, ఉపాధ్యాయులు తల ఊపుతారు. మన అభ్యుదయ మిత్రులు కూడా దీనికి మినహాయింపు కారు. వారు దానికి "పెట్టుబడిదారీ సంస్కృతి కన్న ఒంటరి మనిషి" అని గంభీరమైన పేరు తగిలిస్తారు, తేడా అంతే. గంభీరమైన పేరు పెట్టినంత మాత్రాన అభిప్రాయం సత్యమైపోదు. అది ఎంతవరకు సత్యమో పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్య విమర్శకు అంకితమైన పత్రికలో ఈ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చును. ఈ ఆటగాడు అన్నిటికంటే ముందు ఒక పాత్ర. పాత నాటకాలలో వడ్డీ వ్యాపారి, పల్లెటూరి అమాయకుడు వేషంతో సహా తయారై వచ్చినట్లే ఇతడూ వస్తాడు: లావుపాటి ఒళ్ళు, మాసిన బనీను, పక్కన తిండి పొట్లాలు. ఇటువంటి మూసబొమ్మలను పగలగొట్టి చూడడం విమర్శకుడి పనులలో ఒకటి. అందుకు నేను రెండు రచనలను తీసుకుంటాను. రెండూ ఒకే ఆటను గురించినవి. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2004లో విడుదల చేసిన ఆ ఆట పేరు 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'. వేలమంది ఎవరి ఇంటి నుంచి వారు ఒకే కల్పిత ప్రపంచంలో ప్రవేశించి, ఒకే సమయంలో కలిసి ఆడే ఆట అది.

మొదటి రచన 'సౌత్ పార్క్' అనే అమెరికన్ టెలివిజన్ బొమ్మల ప్రహసనంలో 2006 అక్టోబరులో వచ్చిన 'మేక్ లవ్, నాట్ వార్‌క్రాఫ్ట్' అనే భాగం. ఆ ఆటలో ఎదురైన ప్రతివాణ్ణీ చంపుతూ పోయే ఒక పెద్దవాడు అందులో ప్రతినాయకుడు. బతుకంటూ వేరే ఏమీ లేని స్థూలకాయుడు. అతణ్ణి ఓడించడానికి నలుగురు బడిపిల్లలు వారాల తరబడి తెరకు అతుక్కుపోతారు, లావెక్కుతారు, మొహాల నిండా మొటిమలు లేస్తాయి. గెలిచాక చేయవలసిందేమిటంటే, మళ్ళీ ఆడుకోవడమే. ఈ ప్రహసనానికి 2007లో ఎమ్మీ బహుమతి వచ్చింది. హాస్యం పదునైనదే, కాదనలేము. కాని ఈ కథే తన బొమ్మను తాను ఖండించుకుంటున్నది. ఆ నలుగురు పిల్లలూ స్నేహితులు. కలిసి ఎత్తులు వేస్తారు, కలిసి దెబ్బలు తింటారు, కలిసి గెలుస్తారు. ఒంటరివాడు ప్రతినాయకుడొక్కడే. ఒక ఒంటరిని నలుగురు ఓడించిన కథ చూసి, నలుగురూ ఒంటరులేనని లోకం నవ్వుకున్నది.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆట లోపలి దృశ్యాలు తీయడానికి బ్లిజార్డ్ కంపెనీయే సాయం చేసింది. తన సరుకు కొనేవాణ్ణి విదూషకుణ్ణి చేసే చిత్రానికి కంపెనీ ఎందుకు సాయపడింది? దానికి నష్టమేమీ లేదు గనుక. అమెరికాలో ఈ ఆటకు చందా నెలకు సుమారు 15 డాలర్లు. 2010 నాటికి చందాదారులు కోటీ ఇరవై లక్షలు దాటారని కంపెనీయే ప్రకటించింది. కోటీ ఇరవై లక్షలమంది వెలిపడ్డవాళ్ళు ఉన్న చోటును వెలివాడ అనాలా, దేశం అనాలా?

ఈ మూసబొమ్మ ఎంత పాతదో కూడా చూడాలి. వీడియో గేములు ఏకాంతంలో పుట్టినవి కావు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో తయారైన 'స్పేస్‌వార్' ఇద్దరు ఎదురెదురుగా ఆడవలసిన ఆట. 1972లో అటారీ కంపెనీ 'పాంగ్' యంత్రాన్ని మొదట కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊరి సారాయి అంగట్లో పెట్టింది. దానికీ ఇద్దరు కావాలి. తరువాత నాణెం వేసి ఆడే యంత్రాలతో ఆటశాలలు వెలిశాయి. కుర్రాళ్ళు గుంపులుగా చేరారు. అప్పుడు పెద్దల ఫిర్యాదు ఏమిటి? టెక్సాస్‌లోని మెస్కీట్ పట్టణం, పెద్దవాళ్ళు వెంట లేకుండా 17 ఏళ్ళలోపువారు అటువంటి యంత్రాలు ఆడరాదని శాసనం చేసింది. పిల్లలు బడి ఎగ్గొడతారనీ, జూదరులతో, మత్తుమందులు అమ్మేవాళ్ళతో సాంగత్యం చేస్తారనీ ఆ శాసనానికి చెప్పిన కారణం. ఆ వివాదం 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ 1981లో వీడియో గేములనే నిషేధించాడు.

అంటే ఆనాడు నేరం సాంగత్యం. యంత్రం ఇంట్లోకి వచ్చాక నేరం ఏకాంతమైంది. ఆరోపణ తలకిందులైనా ఆరోపించేవారి చిరాకు మాత్రం తగ్గలేదు. చదువు లెక్కలోకీ కూలి లెక్కలోకీ రాని యువకుల కాలం పెద్దలకు ఎప్పుడూ అనుమానాస్పదమే. నవలలు చదివితే పిల్లలు చెడిపోతారన్న రోజులు మన ఇళ్ళలోనూ గడిచాయి.

ఇక వాస్తవాలు. ప్యూ పరిశోధనా సంస్థ 2015లో అమెరికాలో జరిపిన సర్వేలో వయోజనులలో 49 శాతంమంది వీడియో గేములు ఆడుతామన్నారు. పురుషులు 50 శాతం, స్త్రీలు 48 శాతం. అయినా, ఆడేవారిలో ఎక్కువమంది పురుషులేనని నమ్మినవారు 60 శాతం! "నేను గేమర్‌ను" అని తనకు తాను పేరు పెట్టుకున్నవారు 10 శాతం మాత్రమే. పురుషులలో 15, స్త్రీలలో 6. అదే సంస్థ 2018లో కౌమారంలో ఉన్నవారిని అడిగితే మగపిల్లలలో 97 శాతం, ఆడపిల్లలలో 83 శాతం ఆడుతామన్నారు. ఇంతమందిలో ఉన్న అలవాటును సంఘబాహ్యుల లక్షణమనడం తర్కానికి నిలవదు.

జర్మనీలో 2,550 మందిని పరిశీలించి 2014లో ముగ్గురు పరిశోధకులు ప్రకటించిన వ్యాసం సూటిగా ఈ మూసబొమ్మనే పరీక్షించింది. దానికి పూర్తి ఆధారం దొరకలేదని వారు తేల్చారు. అయితే ఆటలో బాగా మునిగినవారిలో, తక్కువగా ఆడేవారికంటే, ఆ లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయని కూడా చెప్పారు. ఈ రెండో మాటను దాచిపెట్టడం నిజాయితీ కాదు. కాని దాని అర్థమేమిటి? ఆట మనిషిని ఒంటరిని చేసిందా, ఒంటరియైన మనిషి ఆటను వెతుక్కున్నాడా? ఒక సమయంలో తీసిన లెక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఆట వ్యసనానికి చోటు దొరికిన మాట నిజమే. కాని అక్కడ కొలబద్ద గంటల సంఖ్య కాదు. ఆటపై అదుపు తప్పడం, బతుకు చెడుతున్నా మానలేకపోవడం, అది సాధారణంగా ఏడాదిపాటు కొనసాగడం లక్షణాలు. రోగిని చూపించి ఆటగాళ్ళందరికీ జబ్బు అంటగట్టడం వైద్యం కాదు.

రెండో రచన నార్వే దర్శకుడు బెంజమిన్ రీ తీసిన డాక్యుమెంటరీ 'ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్', 2024లో విడుదలైంది. కండరాలను క్రమంగా హరించే డుషెన్ వ్యాధితో 2014లో 25వ ఏట మరణించిన మాట్స్ స్టేన్ కథ ఇది. కొడుకు స్నేహమూ ప్రేమా ఎరగకుండా పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోతారు. అతడి బ్లాగులో మరణవార్త పెట్టగానే యూరప్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చి పడతాయి. 'ఇబెలిన్' అనే పేరుతో అతడు వార్‌క్రాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి తిరిగాడు, ఒక జట్టులో సభ్యుడు, ఎందరికో ఆప్తుడు. ఆటలో మిగిలిపోయిన సుమారు 42,000 పుటల సంభాషణల ఆధారంగా దర్శకుడు ఆ జీవితాన్ని ఆటబొమ్మలతోనే తిరిగి నిర్మించాడు. చదువు పాడవుతుందని నెదర్లండ్స్‌లో తల్లిదండ్రులు ఒక అమ్మాయి కంప్యూటరు తీసేస్తే, మాట్స్ ఆ తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. ఆటిజం ఉన్న కొడుకు తనకు దూరమవుతున్నాడని బాధపడే డెన్మార్క్ తల్లికి, ఆటలో వాణ్ణి కలుసుకోమని దారి చూపాడు. జట్టు మిత్రులు కొందరు దేశాలు దాటి అతడి అంత్యక్రియలకు వచ్చారు.

ఇది గొప్ప సినిమా. మాట్స్ కోపతాపాలను, తోటివారిని నొప్పించిన ఘట్టాలను కూడా దాచకపోవడం దీని నిజాయితీ. అయినా నాకు దీనితో రెండు పేచీలున్నాయి.

మొదటిది: మాట్స్ సంఘబాహ్యుడు కాడని రుజువు చేయడానికి సినిమా అతడి సద్గుణాలనే సాక్ష్యంగా తెచ్చింది. మహామనిషి గనుక మన్నించమంటున్నది. అలా కాక, ఎవరికీ ఉత్తరాలు రాయని, ఎవరినీ ఉద్ధరించని మామూలు ఆటగాడి సంగతేమిటి? అతడి సమాధిపై కన్నీరు కార్చేవారు లేకపోతే మూసబొమ్మ నిజమవుతుందా? దోషిని తేల్చే పాత కొలబద్దను విరవకుండా, ఒక నిర్దోషిని మాత్రం సినిమా విడిపించింది.

రెండవది ఇంకా ముఖ్యమైనది. మాట్స్ సాంగత్యాన్ని ఆట ఒక్కటే ఇవ్వలేదు. అతడికి ఇంటికి చేర్చి ప్రత్యేకంగా అమర్చిన నివాసం ఉన్నది, పరిచారకులున్నారు, కదలని వేళ్ళకు అనువైన పరికరాలున్నాయి. వీటి వెనుక ఒక కుటుంబమూ, వికలాంగుల సంరక్షణను ప్రభుత్వ బాధ్యతగా ఒప్పుకున్న ఒక దేశమూ ఉన్నాయి. అదే జబ్బుతో మన పల్లెలో మంచం పట్టిన కుర్రవాడికి ఈ ఏర్పాట్లు ఎవరు చేస్తారు? సినిమా వీటన్నిటినీ కెమెరాతో చూపించింది గాని వాటి విలువను కథలో చెప్పలేదు. ప్రేక్షకుడు ఆటకు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. అన్నట్టు, తన ఆటను ఈ సినిమాకు వాడుకోనిచ్చింది కూడా బ్లిజార్డ్ కంపెనీయే. ఆటగాణ్ణి వెక్కిరించినా, కీర్తించినా చందా దానికే చేరుతుంది.

మన భాషలో 'వెలి' అనే మాట ఇక్కడ మనకు దారి చూపుతుంది. తెలుగులో ఎవడూ తనంత తాను వెలి కాడు. వెలివేస్తారు, ఆ క్రియకు కర్త ఉంటాడు. నీళ్ళు, నిప్పు బంద్ చేసిన ఊరిపెద్దలుంటారు. కులం పేరిట ఆ బాధ అనుభవించినవారి చరిత్రను తెర ముందు కూర్చున్న కుర్రవాడితో సమానం చేయడం ఘోరమైన అన్యాయం. నేనా పని చేయడంలేదు. కాని ఆ మాట నేర్పే ప్రశ్న మాత్రం అడగదగినది: వెలివేసింది ఎవరు? మూసబొమ్మ చేసే మోసమంతా ఈ కర్తను మాయం చేయడంలో ఉన్నది. అది సంఘం చేసిన పనిని మనిషి గుణంగా మార్చి చూపుతుంది.

ఈ ప్రశ్న ఆటగాళ్ళకు కూడా ఎదురు తిరుగుతుంది. తాము సంఘం వెలివేసినవారమన్న భావాన్ని కొందరు బిరుదులా ధరించారు. 2014లో 'గేమర్‌గేట్' పేరుతో ఆటలు తయారుచేసే స్త్రీలపైనా, విమర్శ రాసే స్త్రీలపైనా బెదిరింపులు కురిపించిన గుంపు అటువంటిదే. సగంమంది స్త్రీలున్న లోకాన్ని తమ ఒక్కరి కోటగా భావించి, ఇతరులను బయటికి తోశారు. తాను పీడితుణ్ణని నమ్మేవాడికి తాను చేసే పీడన కనిపించదు.

కంపెనీల కోటలోనూ ఇదే వరస. బ్లిజార్డ్ మాతృసంస్థ ఉద్యోగులు లైంగిక వేధింపులకూ వివక్షకూ నిరసనగా 2021 జులైలో పని ఆపి బయటికి వచ్చారు. 2023లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు కొన్నది. 'ఒంటరులు' కూడబెట్టిన స్నేహాలకు ఇంత ఖరీదు! స్నేహం ఆటగాళ్ళది, అది జరిగే మైదానం మాత్రం యజమానిది. అతడు తలుపు మూస్తే స్నేహం వీధిన పడుతుంది. అభ్యుదయ విమర్శ పట్టుకోవలసిన తీగ ఇది. ఆటగాడి మాసిన బనీనును గేలిచేసినంతసేపూ అది మన చేతికి రాదు.

మన ప్రాంతానికి వద్దాం. ముందుగా ఒక గందరగోళం తొలగాలి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటివాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అది జూదం సమస్య. దానిని ఈ ఆటలతో కలిపి ఒకే గాటన కట్టరాదు. 2020లో కళాశాలలు మూతపడి విద్యార్థులు ఊళ్ళకు చెదిరిపోయినప్పుడు, మా విద్యార్థులు చాలామంది 'పబ్జీ'లో నలుగురేసి జట్టుగా చేరేవారు. తుపాకుల మోత మధ్య వారు మాట్లాడుకున్నది ఎక్కువగా పరీక్షలను గురించి, ఇంట్లో జ్వరాలను గురించి, తండ్రులకు పోయిన పనులను గురించి. ఆ సెప్టెంబరులో కేంద్రం ఆ ఆటను నిషేధించినప్పుడు పెద్దలు సంతోషించారు. ఆ మాటలు ఇక ఎక్కడ జరగాలో ఎవరూ ఆలోచించలేదు.

ఇంటర్మీడియట్ చదువుల పేరిట తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేవరకు పిల్లలను బెంచీలకు కట్టివేసే హాస్టళ్ళు మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆటస్థలం లేదు. పక్కవాడు స్నేహితుడు కాడు, ర్యాంకులో పోటీదారు. ఆ పిల్లవాడు సెలవుకు ఇంటికి వచ్చి ఫోను పట్టుకుంటే, ఆట వాణ్ణి ఒంటరిని చేసిందని అందరం తీర్పు చెబుతాము. వాణ్ణి ఒంటరిని చేసే పని అంతకు ముందే పూర్తయింది. దానికి మనం ఫీజు కూడా కట్టాము.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. తెర ముందున్న విద్యార్థిని "ఎంతసేపు ఆడుతున్నావు?" అని అడిగేముందు "ఎవరితో ఆడుతున్నావు?" అని అడగండి. వాడు నాలుగు పేర్లు చెబితే మూసబొమ్మ అక్కడే పగిలిపోతుంది. ఒక్క పేరు కూడా చెప్పలేకపోతే అప్పుడు నిజంగా ఆందోళన పడవలసిందే. కాని ఆ ఆందోళన ఫోను లాక్కోవడంతో తీరేది కాదు. వాడి తరగతిగదిలో, వాడి వీధిలో, వాడి ఇంట్లో వాడితో ఆడడానికి ఎవరు మిగిలారో, ఎవరు ఎందుకు తప్పుకున్నారో వెతకాలి. ఆ వెతుకులాటలో మన పేర్లు కూడా బయటపడవచ్చును.