ఎలియా తీరిక – మేరీ కుట్టుపని

వ్యాసమునకు మహావస్తువు అక్కరలేదని అందరమూ అంగీకరిస్తాము. కావ్యము ఒక రాజవంశాన్ని కోరవచ్చును, నవల ఒక తరాన్ని కోరవచ్చును. వ్యాసము ఒక పడక కుర్చీతో తృప్తిపడగలదు. ఉద్యోగ విరమణ చేసిన గృహస్థుని దినచర్య వ్యాసకర్తలకు ఇష్టమైన వస్తువు కావడానికి ఇదే కారణము. ఉదయపు షికారు, పెరటి మొక్కలు, అటక మీది పాత పుస్తకాలు, మనుమల అల్లరి, రెండవ సారి చదివిన దినపత్రిక – ఇవే దాని సామగ్రి. వసంతము వచ్చినదంటే ఈ సామగ్రికి వేపపూత వాసన, కోయిల కూత తోడవుతాయి.

ఇటువంటి రచనలలో విశ్రాంతుడు తరచు రెండు వేషాలలోనే దర్శనమిస్తాడు. మొదటిది ఋషివేషము. నిన్నటి దాకా పద్దులు వ్రాసినవాడు నేటి ఉదయము నుండి జీవితసత్యాలు చెప్పసాగుతాడు. రెండవది విదూషకవేషము. ఇంట్లో అందరికీ అడ్డమై, బజారుకు పంపితే ముదిరిన బెండకాయలు తెచ్చి, కోడలి వంటింటి లెక్కలు తనిఖీ చేయబోయి భంగపడతాడు. రెండు వేషాలలోనూ వినోదము ఉన్నది, ఒకింత నిజమూ ఉన్నది. కాని ఆ మనిషికి దినము ఎట్లా గడిచినదో మాత్రము మనకు తెలియదు. తెల్లవారి మేలుకొన్నప్పుడు, వెళ్ళవలసిన చోటు లేదని తెలిసిన మొదటి నిమిషములో అతని మనస్సు ఏమయినది? ఆ తీరికను ఆ ఇంట్లో ఎవరు సమకూర్చినారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకడానికి రెండు ఆంగ్ల వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదవడము మేలని నా అభిప్రాయము. మొదటిది మన కళాశాలలలో ఇంగ్లీషు చదివినవారు ఎరిగినదే: చార్లెస్ లాంబు ‘ఎలియా’ అనే మారుపేరుతో ప్రకటించిన ‘ది సూపరాన్యుయేటెడ్ మాన్’. రెండవది చాల తక్కువమంది చదివినది: అతని అక్క మేరీ లాంబు వ్రాసిన ‘ఆన్ నీడిల్‌వర్క్’, అనగా కుట్టుపనిని గురించి.

లాంబు 1792లో, పదునేడవ యేట, లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయములో గుమస్తాగా చేరినాడు. మన దేశముతోను, తూర్పు దేశాలతోను ఆ కంపెనీ నడిపిన వర్తకపు పద్దులలోనే అతని యౌవనమంతా గడిచినది. ముప్పదిమూడేండ్ల తరువాత, 1825 మార్చి 29న, కంపెనీవారు జీతములో సుమారు మూడింట రెండు వంతులు ఫించనుగా ఇచ్చి అతనిని పంపివేసినారు. అప్పటికి అతనికి ఏబదియేండ్లు. ఆంగ్ల దేశములో అది వసంతారంభము. ఆ సంవత్సరము మే నెల ‘లండన్ మాగజైన్’లోనే ఈ వ్యాసము వెలువడినది. అనుభవము ఇంకా చల్లారకముందే వ్రాసినది కావడమువల్ల దీనిలో వేదాంతము తక్కువ, ఆశ్చర్యము ఎక్కువ.

వ్యాసములో ఎలియా ముప్పదియారేండ్లు పనిచేసిన వర్తక సంస్థ గుమస్తా. ఆదివారాలు గాక అతనికి ఈస్టరుకు ఒక దినము, క్రిస్మసుకు ఒక దినము, వేసవిలో ఒక వారము – ఇంతే సెలవు. ఆ ఒక్క వారము కోసము సంవత్సరమంతా ఎదురుచూడడము, వచ్చిన తరువాత దానిని ఎట్లా వాడుకోవాలో తెలియక తొందరపడడము, తీరా చూస్తే అది గడిచిపోవడము – ఇంతవరకు ప్రతి ఉద్యోగికీ తెలిసినదే. లాంబు ప్రతిభ తరువాతి ఘట్టములో కనిపిస్తుంది. విడుదల దొరికిన మొదటి దినాలలో ఎలియా సంతోషించడు. తాను సంతోషముగా ఉన్నాననుకొంటూ, లేనని తెలుసుకొంటూ తిరుగుతాడు. నలుబదియేండ్ల తరువాత బాస్టీలు కారాగారము నుండి వెలుపలికి వచ్చిన ఖైదీతో తనను పోల్చుకొంటాడు. అకస్మాత్తుగా చేతికి వచ్చిన కాలమనే ఆస్తిని చూచుకోవడానికి ఒక దివాను కావలెనంటాడు. చిరకాలము పనిలో ఉన్నవారు ఆ పనిని ఒక్కసారిగా వదలరాదని హెచ్చరిస్తాడు కూడా.

ఇంకొక సూక్ష్మము గమనింపదగినది. ఉద్యోగము ఉన్నప్పుడు వారములో ప్రతి దినానికీ ఒక్కొక్క రుచి ఉండేది. సోమవారము బరువు వేరు, శనివారము తేలిక వేరు. ఇప్పుడు అన్ని దినాలూ ఒకే రంగు. ఆదివారము కూడా తన ప్రత్యేకతను పోగొట్టుకొన్నది. విశ్రాంతిలో పోయేది జీతము, అధికారము మాత్రమే కాదని, వారాల రుచి కూడా పోతుందని గుర్తించడమే ఈ వ్యాసపు మొదటి ఘనత. మన రచయితలు విశ్రాంతుని దుఃఖాన్ని చెప్పదలచినప్పుడు నమస్కారము పెట్టని పాత బంట్రోతును తెస్తారు. లాంబు తన టోపీ తగిలించుకొనే కొక్కెము మీద ఇంకొకరి టోపీని చూపిస్తాడు. బంట్రోతు కథ అధికారికే చెల్లుతుంది. కొక్కెము ప్రతి గుమస్తాకూ చెల్లుతుంది.

వ్యాసంగాల విషయములోనూ అతని పరిశీలన నిశితమైనది. పూర్వము దొరికిన కొద్ది సెలవులో దినానికి ముప్పది మైళ్ళు నడిచేవాడు. రాత్రులు కొవ్వొత్తి వెలుగులో కండ్లు కాయలు కాచేటట్లు చదివేవాడు. తీరిక దొరికిన తరువాత ఆ ఆవేశము తగ్గినది. మనస్సు కలిగినప్పుడు నడక, మనస్సు కలిగినప్పుడు చదువు. అందరూ పనిలో ఉండే వేళ అతడు పాత పుస్తకాల అంగడి ముందో, శిల్పాల ముందో నిలబడి ఉంటాడు. చక్కని మే నెల ఉదయాన బరువుతో పరుగెత్తే పనివారిని చూచి, వారిని విండ్సరు షికారుకు పిలవడములో ఉన్న సరదాను తలచుకొంటాడు. ఆ వసంతోదయపు ఆనందములో కొంచెము గర్వము ఉన్నది, దానిని దాచుకోకపోవడములో నిజాయితీ ఉన్నది.

వ్యాసము వెలువడిన మరుసటి సంవత్సరమే లాంబు ఏమి చేసినాడో చూస్తే ఈ మాటలకు వ్యాఖ్యానము దొరుకుతుంది. 1826లో అతడు బ్రిటిష్ మ్యూజియమునకు పోయి, నటుడు గారిక్ అక్కడకు ఒప్పగించిన ప్రాచీన నాటకాల సంపుటాలను చదవసాగినాడు. చదువు వేళలు పది గంటల నుండి నాలుగు గంటల వరకు. అవి తన పాత కార్యాలయపు వేళలేనని మిత్రునికి ఉత్తరము వ్రాసినాడు. పనికి అలవాటు పడినవాడికి నియమమైన పని ఉండవలెనన్నాడు. తనకు ఎవరూ విధించని కొలువును తానే కల్పించుకొన్నాడన్నమాట. వ్యాసంగము అనగా పని లేకపోవడము కాదు; యజమాని లేని పని. ఈ నిర్వచనమును లాంబు ఎక్కడా సూత్రీకరించలేదు గాని, అతని జీవితము చెప్పినది.

ఇంతవరకు ప్రశంస. ఇక రెండవ ప్రశ్న. ఎలియా షికారు ముగించుకొని ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీసినదెవరు? వ్యాసమంతా వెదకినా కనిపించరు. లాంబు ఆజన్మ బ్రహ్మచారి. కాని ఒంటరివాడు కాడు. తనకంటె పదేండ్లు పెద్దదైన అక్క మేరీతోనే అతని కాపురము. 1796లో ఉన్మాదావేశములో ఆమె చేతిలో కన్నతల్లి మరణించినది. నాటినుండి ఆమె సంరక్షణను అతడు జీవితాంతము వహించినాడు. అది సాహిత్య చరిత్రలోని గొప్ప త్యాగాలలో ఒకటి. దానిని తక్కువచేయడము నా ఉద్దేశము కాదు. 1807లో వెలువడిన షేక్స్పియరు కథలలో అధికభాగము ఆమె వ్రాసినవే. తొలి ముద్రణ ముఖపత్రము మీద మాత్రము తమ్ముని పేరొక్కటే ఉన్నది.

ఎలియా పాత్ర వేరు, లాంబు వేరు. పాత్రకు అక్క ఉండవలెనని నియమమేమున్నదని ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కాని ‘మాకరీ ఎండ్’, ‘ఓల్డ్ చైనా’ వంటి ఇతర వ్యాసాలలో ఎలియాకు బ్రిడ్జెట్ అనే జ్ఞాతిసోదరి ఉన్నది, ఆమె మేరీయే. బీదరికములోని ముచ్చట చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె పక్కనే కూర్చుండి మాట్లాడినది. తీరికను గురించి చెప్పవలసి వచ్చినప్పుడు కనబడకుండా పోయినది. వదిలివేసే హక్కు కళకు ఉన్నది. వదిలినదానిని గమనించే హక్కు పాఠకునికీ ఉన్నది.

ఆ లోపాన్ని పూరించే రచన పదేండ్ల ముందే, 1815 ఏప్రిలులో, ‘బ్రిటిష్ లేడీస్ మాగజైన్’లో ‘సెంప్రోనియా’ అనే మారుపేరుతో వచ్చినది. మేరీ చిన్నతనములో పదునొకండు సంవత్సరాలు సూదితో పొట్ట పోసుకొన్నది. ఆ అనుభవముతో ఆమె మాట్లాడుతుంది. పురుషుని కాలములో పని వేరు, విశ్రాంతి వేరు. రెండింటికీ నడుమ గీత ఉన్నది, రెండింటిలోనూ సుఖమున్నది. స్త్రీ కాలములో ఆ గీత లేదు. కూర్చున్నప్పుడు కూడా చేతిలో సూది ఉంటుంది; అది పని అని లెక్కకు రాదు, విశ్రాంతి అని అనుభవానికీ రాదు. కలిగిన ఇంటి స్త్రీలు ఊసుపోకకు కుట్టే కుట్టు, కుట్టుకొని బ్రతికే బీదస్త్రీల కూలిని తగ్గిస్తున్నది. ఇదీ ఆమె వాదసారాంశము. ఒక వ్యాసంగము వెనుక ఇంకొకరి కూలి ఉండవచ్చునని ఆమె చెప్పినంత సూటిగా ఎలియా ఎక్కడా చెప్పలేదు.

తమ్ముడు 1825లో ఫించను పుచ్చుకొన్నాడు. అక్క ఇంటి నిర్వహణ నుండి విడుదల పొందినది 1829లో. ఆ ఏడు ఎన్‌ఫీల్డు గ్రామములో ఇద్దరూ సొంత కాపురము ఎత్తివేసి, పొరుగింటి వృద్ధ దంపతుల వద్ద భోజనవసతి ఏర్పాటు చేసుకొన్నారు. కంపెనీ తీర్మానము వంటిదేదీ ఆమెకు రాలేదు; ఫించను ప్రసక్తి లేనే లేదు.

ఈ చర్చ ఆంగ్ల సాహిత్యముతో ముగిసేది కాదు. మన సంప్రదాయములో విరమణకు వానప్రస్థమని గంభీరమైన పేరున్నది. రఘువంశపు రాజులు వార్ధకములో మునివృత్తి అవలంబించినారని కాళిదాసు కావ్యారంభములోనే చెప్పినాడు. అడవికి పోయేవాడు భార్యను కొడుకులకు అప్పగించవచ్చును లేదా వెంట తీసుకొని పోవచ్చునని మనుస్మృతి అనుమతించినది. ఆమె తనంతట తాను దేనినుండి విరమించవలెనో చెప్పలేదు. ఆర్.కె. నారాయణ్ 1967 నాటి నవల ‘ది వెండర్ ఆఫ్ స్వీట్స్’లో మిఠాయి వర్తకుడు జగన్ వ్యాపారము వదిలి ఏకాంతానికి పోతాడు. అతడు భార్య పోయినవాడు. ఎలియా బ్రహ్మచారి, జగన్ విధురుడు. విరమణను గురించిన ఈ రెండు ప్రసిద్ధ రచనలలోనూ ఇల్లాలు లేకపోవడము కథకు కలిసివచ్చిన సౌకర్యము.

తెలుగు ఇంటిలో ఆ సౌకర్యము రచయితకు లేదు. మన వసంతము లాంబు వసంతము వంటిది కాదు. ఉగాది పచ్చడితో మొదలై ఎండలు ముదిరే దాకా అది ఇంటి స్త్రీలకు సంవత్సరములోకెల్లా బరువైన కాలము. కొత్త చింతపండు గింజ తీయవలె, మిరపకాయలు ఎండబెట్టి కొట్టించవలె, డాబా మీద వడియాలు, అప్పడాలు, వాటికి కాకుల కాపలా. ఆ తరువాత ఆవకాయ. విశ్రాంతుడైన గృహస్థు పడక కుర్చీలో కోయిల పాట వినే వేళకే జాడీలు కడగడము మొదలవుతుంది. మామిడికాయ పులుపు చూచి మెచ్చడము ఆయన వ్యాసంగము. దానిని ముక్కలు కొట్టించి, తుడిచి, ఆవపిండి కలపడము ఆమె పని. ఈ రెండు దృశ్యాలను ఒకే వాక్యములో ఇమిడ్చిన వ్యాసము వసంతాన్ని సంపూర్ణముగా చెప్పినట్లు. ఒకటి విడిచినది సగము ఋతువునే చెప్పినట్లు.

ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయినది. తెలంగాణలో 2021లో 61 అయినది. అంకె మారినప్పుడల్లా పత్రికలలో చర్చ నడిచినది. వంటింటికి అటువంటి ఉత్తర్వు ఏ సంవత్సరములోనూ వెలువడలేదు. ఉపాధ్యాయినులుగా, గుమస్తాలుగా పనిచేసి విరమించిన స్త్రీల సంగతి ఇంకా చిత్రము. వారు రెండు కొలువులు చేసి ఒకదానికి మాత్రమే వీడ్కోలు సభ చేయించుకొన్నవారు. ఆ సభ మరునాటి ఉదయమును ఎలియా అంత సూక్ష్మముగా ఒక స్త్రీ తెలుగులో వ్రాస్తే, ఆ వ్యాసము లాంబును అనుకరించినట్లుండదు. అతడు వదిలిన చోట మొదలుపెట్టినట్లుంటుంది.

దీనివల్ల విశ్రాంతుని వ్యాసాలన్నీ స్త్రీల కష్టముపై ఉపన్యాసాలు కావలెనని తాత్పర్యము కాదు. ఉపన్యాసము చొరబడితే వ్యాసము చెడుతుంది; మేరీ రచనలోనే కొన్నిచోట్ల వాదము హాస్యాన్ని కప్పివేసినది. కావలసినది చూపు. రెండవ కప్పు కాఫీ వచ్చినదని వ్రాసే చేయి, అది ఎక్కడనుండి వచ్చినదో కూడా ఒక ముక్కలో వ్రాయగలదు. పెరటి గులాబీని వర్ణించేవాడు, తాను ఊరు వెళ్ళిన వారము దానికి నీరు పోసినదెవరో చెప్పగలడు. ఆ ఒక్క ముక్కతో విశ్రాంతుడు ఋషివేషమూ విదూషకవేషమూ విడిచి ఒక ఇంటి మనిషి అవుతాడు.

లాంబు 1834లో పోయినాడు, మేరీ 1847 దాకా జీవించినది. తమ్ముని వ్యాసము తీరిక విలువ ఎంతో చెప్పినది. అక్క వ్యాసము ఆ వెల ఎవరు చెల్లించినారని అడిగినది. విశ్రాంతిని గురించి వ్రాయదలచిన తెలుగు రచయిత మొదటిదాని నుండి కాలాన్ని కొలిచే నేర్పు, రెండవదాని నుండి లెక్క తప్పని నిజాయితీ తీసుకోవలెను. అప్పుడు పడక కుర్చీ చిన్న వస్తువే అయినా, వ్యాసము చిన్నది కాదు.