ఏరియల్ ఎక్కడ కట్టాలి

మొన్న సోమవారం పొద్దున్న ఐదున్నరకి మా అమ్మ గదిలో స్పీకరు మోగలేదు. ఆదివారం రాత్రి పదింటిదాకా కూర్చుని అమర్చింది అది. హాల్లో పెట్టిన దాని జంట మాత్రం చక్కగా పాడుతోంది. అమ్మ గదిలోది నారింజ రంగు దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ ఊరుకుంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఇవాళ రేడియో లేదా నాన్నా?" అంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఆమెకి తెల్లవారడమంటే భక్తిరంజని, దాని తరవాత ప్రాంతీయ వార్తలు. ఎన్నో ఏళ్లుగా సాగుతున్న ఆ వరసని తప్పించింది నేను. వారమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం స్పీకర్ల గురించి రాస్తున్నాను.

అమ్మకి ట్రాన్సిస్టర్ ఉండగా ఈ స్పీకర్లెందుకని మీరు అడగొచ్చు. ట్రాన్సిస్టర్ ఇప్పటికీ ఉంది. కానీ ఇంట్లోకి ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, ఫోను చార్జర్లు వచ్చిన దగ్గర్నుంచీ మీడియం వేవ్‌లో బుస్సుమనే మోత ఎక్కువైంది. ఈ వస్తువుల్లో కరెంటును మార్చే చిన్న సర్క్యూట్లు అదే బాండులో రొద పుట్టిస్తాయి. పైగా అమ్మ వేళ్లు కీళ్లనొప్పులతో బిగుసుకుపోయి, ఆ సన్నటి చక్రం తిప్పడానికి సహకరించడం లేదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఇది చూసి రెండు వైఫై స్పీకర్లు పంపాడు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది కాబట్టి, పొద్దున్నే దానంతట అదే మొదలయ్యేలా పెట్టొచ్చన్నాడు.

బ్లూటూత్ స్పీకరుకీ దీనికీ తేడా ఉంది. బ్లూటూత్‌లో పాట ఫోనులోంచి వస్తుంది. ఫోను జేబులో వేసుకుని వీధిలోకి వెళ్తే పాట తెగిపోతుంది. వైఫై స్పీకరు అలా కాదు. ఇంట్లోని నెట్‌వర్క్‌లో అదీ ఒక సభ్యురాలే. పాటని ఇంటర్నెట్ నుంచి తానే తెచ్చుకుంటుంది. ఫోను పని ఫలానాది పెట్టమని చెప్పడం వరకే.

ఆ సభ్యత్వం ఇప్పించడమే మొదటిసారి కష్టం. ప్లగ్గు పెట్టగానే స్పీకరు తనదైన చిన్న తాత్కాలిక వైఫై ఒకటి వదులుతుంది. మన ఫోను కాసేపు దానికి అతుక్కుని, ఇంటి వైఫై పేరూ పాస్‌వర్డూ దాని చెవిలో వేయాలి. అప్పుడది తన వైఫై ఆపేసి ఇంటి నెట్‌వర్క్‌లో చేరుతుంది. చిక్కంతా ఆ మధ్య నిమిషంలోనే. తాత్కాలిక వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను తనంతట తాను మొబైల్ డేటాకి మళ్లిపోతుంది. డేటా ఆపేస్తే గాని పని ముందుకు సాగలేదు. తరవాత ఇంకొకటి. స్పీకరు ఇంటర్నెట్‌లోకి వెళ్లింది, దీపం తెల్లగా వెలిగింది, అయినా ఫోను మాత్రం స్పీకరే కనపడడం లేదంది. గంటసేపు వెతికితే తేలిందేమిటంటే, నా ఫోను చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంది. రెండు నెట్‌వర్క్‌లూ ఒకే రౌటరువే. కానీ అతిథుల ఫోన్లు ఇంటివాళ్ల వస్తువుల జోలికి రాకుండా రౌటరు మధ్యలో గోడ కడుతుంది. ఒకే ఇంట్లో రెండు వాటాల మధ్య తలుపు వేసి ఉన్నట్టన్నమాట. ఫోనుని అసలు నెట్‌వర్క్‌లోకి మార్చగానే రెండు స్పీకర్లూ ఒక్కసారే కనపడ్డాయి. ఎంత సంతోషించానో.

అయినా సోమవారం పొద్దున్న అది మోగలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పట్టుదల ఒకటి తెలుసు. తీగ వెయ్యగలిగిన చోట తీగే మేలని కాలింగ్ బెల్లు గురించి రాసినప్పుడూ చెప్పాను, గుడి మైకుల గురించి రాసినప్పుడూ చెప్పాను. సోమవారం ఆ పట్టుదల మళ్లీ లేచింది. ఈ డబ్బాలు వెనక్కి పంపేసి, తీగతో మోగే రెండు స్పీకర్లు కొని, అదే సంగతి ఈ వారం రాద్దామనుకున్నాను. రేడియో కాలంలో ఈ బాధలున్నాయా, మీట తిప్పితే పాడేది కదా అనుకుంటూ మొదటి పేరా కూడా రాశాను. ఆ పేరా రాస్తుండగానే మా నాన్నగారు కట్టిన ఏరియల్ గుర్తొచ్చింది.

అప్పట్లో విజయవాడ సత్యనారాయణపురంలో మాది పెంకుటిల్లు, పక్కనే చిన్న డాబా. నాకు ఏడేళ్లప్పుడు నాన్నగారు వాల్వుల రేడియో తెచ్చారు. మీట తిప్పాక లోపలి వాల్వులు వేడెక్కేదాకా మాట వచ్చేది కాదు. ముందు పచ్చటి కన్ను వెలిగేది, తరవాత ఎక్కడో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గొంతు దగ్గరయ్యేది. రేడియోతోపాటు కొట్టువాడు ఏరియల్ ఇచ్చాడు. రెండు వేళ్ల వెడల్పున అల్లిన రాగి తీగల పట్టీ అది, రెండు చివర్లా పింగాణీ గుండ్లు. "గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టెయ్యండి, చాలు" అని వెళ్లిపోయాడు.

నాన్నగారు అలా కట్టలేదు. మూడు సాయంత్రాలు పట్టింది ఆయనకి. ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, డాబా ఎక్కేవారు. రెండు వెదురు గడలు నిలబెట్టి, పట్టీ ఒకసారి తూర్పు పడమరలుగా, ఒకసారి ఉత్తర దక్షిణాలుగా లాగి చూశారు. నేను వరండాలో నిలబడి కబురు మోసేవాణ్ణి. రేడియో ముందు మా నాయనమ్మ కూర్చునేది. ఆవిడకి అప్పటికే చెవి సరిగ్గా వినపడేది కాదు. పైనుంచి నాన్నగారు "ఇప్పుడెలా ఉంది?" అంటే నేను లోపలికి అరిచేవాణ్ణి. ఆవిడ తల వంచి, చెవి దగ్గరగా పెట్టి విని, "గొంతు తెలుస్తోంది, మాట తెలియడం లేదు" అనేది. ఆ మాట నేను పైకి అందించేవాణ్ణి. మళ్లీ గడ జరిగేది.

రెండో సాయంత్రానికి నాన్నగారికీ నాకూ స్పష్టంగానే వినపడుతోంది. ఇక చాలు కదా అన్నాను. "మనం పొద్దున్నా రాత్రీ వినేవాళ్లం. రోజంతా వినేది అమ్మ. ఆవిడ బాగుందంటే బాగున్నట్టు" అన్నారు. మూడో సాయంత్రం, పట్టీ ఒక చివర కొబ్బరిచెట్టు వైపు ఎత్తి కట్టాక, నాయనమ్మ నవ్వి చెయ్యి ఎత్తింది. అప్పుడు కిందికి దిగారు.

తరవాత ఎర్త్. తులసికోట పక్కన గొయ్యి తవ్వి, ఇనపకడ్డీ పాతి, బొగ్గులూ ఉప్పూ వేసి, తీగ బిగించారు. ఆ మట్టి ఎండకుండా రోజూ ఒక చెంబుడు నీళ్లు పొయ్యడం నా పని. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి రేడియో లైసెన్సు కట్టి రావడం ఆయన పని. ఇంత చాకిరీ వెనకాల ఉంటేనే ఆ రేడియో మీట తిప్పగానే పాడింది. నాకు మీట ఒక్కటే గుర్తుండిపోయింది. రేడియో కాలం సుళువని నేను రాసిన పేరా తప్పు. అది కొట్టేశాను.

మరి స్పీకరు ఎందుకు మోగలేదు? ముందు రేడియో అల సంగతి చూద్దాం. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. ఆ అలపొడవు 358 మీటర్లు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొలిచినా అంత ఉండదు. అంత పొడుగు అలకి మా ఇల్లొక అడ్డు కాదు. కిలోవాట్ల బలంతో బయల్దేరి పెంకుటిళ్లనీ మేడలనీ కలిపి చుట్టుకుని పోతుంది. ఇంట్లో వైఫై సంగతి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ అలపొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడులో సగం పైచిలుకు. 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు సెంటీమీటర్లు, బెత్తెడు కూడా లేదు. బలం చూస్తే వాటులో పదోవంతు అటూ ఇటూ. అంత చిన్న అల తొమ్మిదంగుళాల ఇటిక గోడ దాటేసరికే నీరసిస్తుంది. ఇనప బీరువా ఎదురైతే వెనక్కి తిరుగుతుంది. అద్దం వెనక పూతకీ, నీళ్ల డ్రమ్ముకీ కూడా అది లొంగుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడ దాటే శక్తి తక్కువ. పాటకి అంత వేగం అక్కర్లేదు కాబట్టి దూరపు గదిలో స్పీకరుకి 2.4 నయం.

ఇంత తెలిశాక మంగళవారం ఫోను చేత్తో పట్టుకుని గది గదికీ తిరిగాను. హాల్లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. వంటింట్లో ఒకటి తగ్గింది. అమ్మ గదిలో, స్పీకరు పెట్టిన బల్ల దగ్గర, ఒక్కటే గీత, అదీ వచ్చీపోతూ. మా రౌటరు వీధిగుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన ఉంది. కనెక్షను ఇచ్చిన కుర్రాడు ఫైబరు తీగ ఎక్కడ లోపలికొచ్చిందో అక్కడే మేకు కొట్టి తగిలించాడు. అతని పని అతను చేశాడు. రెండేళ్లుగా దాన్ని అక్కడే ఉంచింది నేను. రౌటరుకీ అమ్మ మంచానికీ మధ్య మూడు గోడలు, ఒక ఫ్రిజ్జు, అద్దం ఉన్న ఇనప బీరువా. మరి ఆదివారం రాత్రి ఎలా పలికిందంటే, స్పీకరుని హాల్లో రౌటరు పక్కనే పెట్టుకుని అమర్చాను. తరవాత తీసుకెళ్లి అమ్మ గదిలో పెట్టాను. ఎక్కడ వినాలో అక్కడ విని చూడలేదు. మా నాన్నగారు ఆ పొరపాటు చెయ్యలేదు.

గురువారం ఎలక్ట్రీషియన్ పద్నాలుగు మీటర్ల లాన్ కేబులు తెచ్చాడు. ఫైబరు డబ్బా గుమ్మం దగ్గరే ఉంచి, అక్కణ్ణుంచి అటక కిందుగా కేసింగ్ వేసి, ఇంటి నడిమధ్య నడవాలో తలుపుపైన రౌటరు పెట్టాం. అక్కణ్ణుంచి అమ్మ గదికి ఒక్క గోడే. స్పీకరుని బీరువా చాటు నుంచి కిటికీ గూట్లోకి మార్చాం. కరెంటు పోయినా తెగకుండా ఫైబరు డబ్బాకీ రౌటరుకీ చెరొక పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాం. ఇంత చేశాక నేను రౌటరు దగ్గర నిలబడలేదు. అమ్మ మంచం మీద, ఆమె పక్కన కూర్చున్నాను. "ఎలా ఉందమ్మా?" అంటే, కాసేపు విని, "మాట తెలుస్తోంది" అంది.

ఆ రెండు మాటలూ యాభై ఏళ్ల కిందటి మా ఇంట్లోంచి వచ్చినట్టే అనిపించాయి నాకు.

శుక్రవారం ఐదున్నరకి స్పీకరు తనంతట తాను మొదలైంది. అమ్మ అలవాటు కొద్దీ ట్రాన్సిస్టర్ కూడా పెట్టింది. దాన్లో వచ్చిన మాటే స్పీకర్లో అర నిమిషం ఆలస్యంగా వచ్చింది. ఇంటర్నెట్ ప్రసారం ముందు కొంత పోగు చేసుకుని ఆ తరవాత వినిపిస్తుంది గనక ఆ వెనకబాటు తప్పదు. "ఇది కాస్త వెనక నడుస్తోంది, అయినా మోత లేదు" అని అమ్మ ట్రాన్సిస్టర్ కట్టేసింది.

తీగే మేలన్న నా మాటని ఈ వారం సగం మార్చుకుంటున్నాను. తీగ లేకుండా మోగే స్పీకరు మంచి వస్తువు. నడవలేని మనిషి దగ్గరికి పాటని నడిపించి తెస్తుంది. దానికి కావలసింది సరైన చోటిదాకా వేసిన ఒక్క తీగ. ఆ తీగ ఎక్కడిదాకా రావాలో కనెక్షను ఇచ్చే మనిషికి తెలియదు. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని వింటారో ఇంటివాళ్లకే తెలుసు.

ఇవాళ ఆదివారం. చేతిలో కాస్త తీరిక ఉంటే మీ ఇంట్లో రౌటరు ఎక్కడుందో చూడండి. వీధిగుమ్మం దగ్గరో, టీవీ వెనకో, బీరువా మీదో ఉంటే, ఇంటి మధ్యకి, తలకన్నా ఎత్తుకి మార్చే దారి ఆలోచించండి. రౌటరు మారదంటే మధ్యలో ఇంకొక వైఫై పెట్టెకి కేబులు లాగించండి. మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ వినేది ఎవరో వాళ్ల మంచం దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని వినండి. వాళ్లు బాగుందనేదాకా పని అయిపోయిందనుకోకండి.