యూట్యూబ్ ఆడుతోంది కదా సార్!

"మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి." ఈ వారం నాకు ఒళ్లు మండించిన వాక్యం ఇదే. తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఏ మిషన్ ముందు కూర్చున్నా యాంటీవైరస్ అప్‌డేట్ అవ్వకుండా ఇదే పాట పాడుతోంది. "యూట్యూబ్ ఆడుతోంది కదా సార్, ఇంకేం సరిచూసుకోవాలి?" అన్నాడు ల్యాబ్ ఇన్‌చార్జి. న్యాయమైన ప్రశ్నే. పాపం, అతను చెయ్యాల్సినవన్నీ చేశాడు. కేబుల్ పీకి పెట్టాడు, స్విచ్ ఆపి వేశాడు, యాంటీవైరస్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఆఖరికి "పోనీ, ఫార్మాట్ కొట్టేద్దామా సార్?" అన్నాడు. ఆ మాటంటే నాకు పడదని పాత పాఠకులకు కంఠతా వచ్చు కాబట్టి మళ్లీ రాయను.

కాలేజీలో నెట్ ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ గుండా వస్తుంది. బ్రౌజర్ తెరవగానే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడితే వదులుతుంది. అయితే విండోస్‌లో ఈ ప్రాక్సీ చిరునామా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి లాగిన్ అయిన మనిషికి సంబంధించింది, బ్రౌజర్లు చూసేది దాన్నే. రెండోది మిషన్ మొత్తానికీ సంబంధించింది, దాని పేరు విన్‌హెచ్‌టీటీపీ. అప్‌డేట్ తెచ్చే సర్వీసు మన పేరు మీద నడవదు, సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది. మనం బ్రౌజర్ కోసం పెట్టుకున్న సెట్టింగు దాని కంటపడదు. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ" అని కొట్టించాను. "డైరెక్ట్ యాక్సెస్, నో ప్రాక్సీ సర్వర్" అని జవాబు. అంటే ఆ సర్వీసు ప్రాక్సీ ఊసే తెలియక తిన్నగా బయటికి వెళ్లబోతోంది, ఫైర్‌వాల్ ఆపేస్తోంది.

అదే కమాండ్‌లో "షో" తీసేసి "ఇంపోర్ట్" పెట్టి, చివర "సోర్స్=ఐఈ" చేర్చి, మనిషి సెట్టింగుని మిషన్‌కి రాయించాం. అప్‌డేట్ అప్పటికీ రాలేదు గానీ ఎర్రర్ మారింది. మా పనిలో ఎర్రర్ మారడమంటే సగం దారి వచ్చినట్టే. ఈసారి 407. "ముందు నువ్వెవరో చెప్పు" అని ప్రాక్సీ అడగడం అన్నమాట. బ్రౌజర్‌ని అడిగితే కిటికీ తెరుచుకుంటుంది, మనం పేరు కొడతాం. విస్టా కాలం నుంచీ సర్వీసులు విడిగా, తెర మీద కిటికీ చూపించలేని చోట నడుస్తున్నాయి. కాలింగ్ బెల్ వినపడని వెనక గదిలో మనిషిని కూర్చోబెట్టినట్టు.

"యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో నా పాస్‌వర్డ్ కొట్టేస్తే సరిపోదా సార్?" అన్నాడు ఇన్‌చార్జి. సరిపోతుంది. అలా సరిపోయిన ఆఫీసు ఒకటి నాకు తెలుసు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. సెప్టెంబరు, టాక్స్ ఆడిట్ రిపోర్టుల రోజులు, ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. అక్కడ సీనియర్ అసిస్టెంట్ ఒకావిడకి పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి, టీ తాగి వచ్చేసరికి అకౌంట్ లాక్ అయిపోయేది. సర్వర్ చూసే ఆయన వచ్చి తెరిచేవాడు, మర్నాడు మళ్లీ అదే. ఎవరో పాస్‌వర్డ్ ఊహించి కొడుతున్నారని తేల్చారు. సీఏ శిక్షణకొచ్చి, అంతకు కొద్దిరోజుల ముందే మానేసిన ఆర్టికల్ కుర్రాడి మీదికి పోయింది అనుమానం. "మొదట్నుంచీ వాడి చూపే బాగాలేదండీ" అన్నవాళ్లూ ఉన్నారు. ఆడిటర్ గారు పోలీసు కంప్లైంటు డ్రాఫ్టు కూడా రాయించి పెట్టారు, ఎంతైనా కాగితాల మనిషి.

సర్వర్ లాగ్ చూస్తే తప్పు పాస్‌వర్డ్ ప్రాక్సీ మిషన్ వైపు నుంచి వస్తోంది. ప్రాక్సీ లాగ్ చూస్తే దాన్ని పంపుతున్న ఐపీ అడ్రస్ సాక్షాత్తూ ఆవిడ కూర్చునే సిస్టమ్‌దే! యాంటీవైరస్ ఎక్కించడానికి వచ్చిన షాపు అబ్బాయి, ప్రాక్సీ గళ్లలో ఆవిడ చేతే లాగిన్ పాస్‌వర్డ్ కొట్టించి వెళ్లాడు. కొన్నాళ్లకి ఆఫీసు రూలు ప్రకారం ఆవిడ పాస్‌వర్డ్ మార్చుకుంది. యాంటీవైరస్‌కి ఎవరు చెప్పారు? మిషన్ ఆన్ అవడం ఆలస్యం, అది పాతదాన్నే వరసగా కొట్టేది. ఐదుసార్లు తప్పైతే తాళం పడాలని పెట్టుకున్నదీ వాళ్లే. డ్రాఫ్టు చించేశారు. కుర్రాడికి మాత్రం ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు, నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే.

అందుకని తెనాలిలో ఎవరి పాస్‌వర్డూ ఎక్కడా కొట్టనివ్వలేదు. నిజానికి ఈ కాలమ్‌లో ప్రాక్సీనే తీసి పారెయ్యమని రాద్దామనుకున్నాను. ఒకప్పుడు కాలేజీ మొత్తానికి ఉన్న కాస్త సన్నటి లైను మీద స్క్విడ్ లాంటి ప్రాక్సీ దేవుడే. ఒకరు తెరిచిన పేజీని దాచిపెట్టి తర్వాతి వాళ్లకి అక్కణ్నుంచే ఇచ్చేది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్, లోపలేముందో దానికి కనపడదు కాబట్టి దాచేదీ లేదు. మిగిలింది పిల్లల్ని పాస్‌వర్డ్ అడగడం ఒక్కటే. టీచర్లు కాలేజీలో వాడే లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళితే, అక్కడ లేని ప్రాక్సీ కోసం వెతుక్కుంటూ అప్‌డేట్ అక్కడా ఆగిపోవడం అదనం.

పైగా ఆటోమేటిక్ అప్‌డేట్ అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తప్పుడు ఫైలు ఒకటి వదిలితే దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు కుప్పకూలాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక విమాన ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలు వెనక్కి తీసుకునేదాకా, అంటే దాదాపు గంటా ఇరవై నిమిషాలు, ఆఫ్‌లో ఉన్న మిషన్లు బతికిపోయాయి. ఇది చెప్పగానే "అయితే అప్‌డేట్ రాకపోవడమే మేలేమో సార్" అని నవ్వాడు ఇన్‌చార్జి. నవ్వుతూనే ప్రాక్సీ లాగ్ తెరిచాం.

లాగ్‌లో ప్రతి లైనూ ఒక మిషన్ నంబరు, అది వెళ్లాలనుకున్న చోటు, వచ్చిన జవాబు. బ్రౌజర్‌కి కూడా మొదట ఒక 407 పడుతుంది, పేరు చెప్పాక వెంటనే 200, అంటే "సరే, వెళ్లు" అని, వస్తుంది. యాంటీవైరస్ లైన్లకి 200 లేనే లేదు, అన్నీ 407లే. అయితే కిటికీ పక్క మిషన్ నుంచి ఇంకో రకం 407లు కూడా ఉన్నాయి. నిమిషానికొకటి, గడియారం పెట్టుకున్నట్టు. వెళ్లబోతున్నది పేరున్న సైటుకి కాదు, వట్టి అంకెల చిరునామాకి. రాత్రి పిల్లలెవరూ లేని వేళ కూడా ఎవరో మిషన్ ఆపడం మర్చిపోతే తెల్లవార్లూ తట్టింది. ప్రాజెక్టు ప్రింటవుట్ల పెన్ డ్రైవ్‌లో ఏదో వైరస్ వచ్చి ఉంటుంది. నెలల పాత డెఫినిషన్లతో, అంటే వైరస్‌ల ఆనవాళ్ల జాబితాతో, కూర్చున్న యాంటీవైరస్‌కి అది తెలియలేదు. దాన్ని గడప దాటనివ్వనిది నేను తీసి పారెయ్యమందామనుకున్న ఆ ప్రాక్సీ అడిగే పాస్‌వర్డే. తెలివైన రకమైతే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్ వాడుకుని వెళ్లిపోయేదే, ఇది మొద్దు రకం.

అందుకే ప్రాక్సీ అలాగే ఉంది, పాస్‌వర్డూ ఉంది. యాంటీవైరస్ కంపెనీ వాళ్లిచ్చిన అప్‌డేట్ చిరునామాలకి మాత్రం పాస్‌వర్డ్ అడగకుండా వదలమని కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చేర్పించాను. ఇక్కడి ప్రాక్సీ కూడా స్క్విడ్డే, అది ఆ ఫైలుని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట కుదిరిన రూలే చెల్లుతుంది. కాబట్టి ఈ లైను పాస్‌వర్డ్ అడిగే లైనుకి పైన ఉండాలి, కింద రాస్తే రాయనట్టే. సాయంత్రానికి డెఫినిషన్ల తేదీలు మారాయి. సోమవారం సోమవారం ఆ తేదీ కళ్లతో చూసి రిజిస్టర్లో రాయమంటే ఇన్‌చార్జి కాస్త మొహం ముడిచాడు.

కిటికీ పక్క మిషన్‌కి, ఇన్నాళ్లూ నన్ను తిట్టుకున్న ఫార్మాట్ అభిమానులు సంతోషించండి, నెట్ పీకి ఫార్మాట్ కొట్టమన్నాను.