రూత్ ప్రావర్ ఝబ్‌వాలా: దొరసాని దృష్టియా?

అఫ్జల్‌గంజ్‌కు ఉత్తరమున కోఠీలో బ్రిటిషు రెసిడెన్సీ, దక్షిణమున మూసీకి ఆవల నవాబుల నగరము. రూత్ ప్రావర్ ఝబ్‌వాలా నవల 'హీట్ అండ్ డస్ట్' (1975)కు చిత్రరూపము (1983) కొంతవరకు హైదరాబాదున తీయబడుట యుక్తమే. అందలి ఒలీవియా దొరల బంగళాను వీడి నవాబు చెంతకు పోయి, తుదకు ఇరువురికిని చెందక కొండలలో ఒంటి యింట మిగులును.

ఈ రచయిత్రి భారతదేశమును దొరసాని కంటితో చూచినదను ఆక్షేపణమును మేమంగీకరింపజాలము. ఆమె 1927లో కొలోన్ నగరమున యూదుల యింట పుట్టి, నాజీల పీడనచే 1939లో ఇంగ్లండు చేరెను. బంధువుల వినాశము తెలిసి తండ్రి 1948లో ఆత్మహత్య చేసికొనెను. 1951లో వివాహమాడి ఆమె ఢిల్లీకి వచ్చెను. ఆ బాల్యమును గూర్చి ఆమె వ్రాసినది అత్యల్పము. ఒలీవియా నిలువనీడలేమియందు అది ధ్వనించుచున్నది. ఏలినవారి పరాయితనము వేరు, ఇల్లు కోల్పోయినవారిది వేరు. నవాబు పాత్ర మాత్రము, నిజము చెప్పవలెనన్న, పాత మూసలోనిదే.