జంప్ సర్వర్‌లో తాళాలు దాచకండి

కోసిగిలో మా మిద్దె మీద కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న స్విచ్‌ల కాన్ఫిగరేషన్ బ్యాకప్‌లు తీయడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఏ స్విచ్‌లోకీ నేరుగా పోలేను. ముందు జంప్ సర్వర్‌లోకి లాగిన్ కావాలి, అక్కణ్ణుంచి స్విచ్‌లోకి. ఇంటర్నెట్‌కు కనబడేది ఆ సర్వర్ ఒక్కటే కాబట్టి కాపలా సులువు. 2017 డిసెంబరులో మొదలైన మన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల వెంబడి చాలా పల్లెలకు వచ్చింది. అంత దూరం పరుచుకున్న పరికరాల దగ్గరికి ప్రతిసారీ మనిషి బండేసుకుని పోవాలంటే అయ్యే పనేనా? ఆదోని పోయి రావడానికే మాకు ఒక పూట పడుతుంది.

ఒక్కో స్విచ్‌కు రెండు లాగిన్లు చేత్తో కొట్టలేక స్క్రిప్టు రాస్తాం. ఈ విద్యలో పెద్దదిక్కు ఎక్స్‌పెక్ట్ అనే ప్రోగ్రాం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లిబెస్ తయారుచేశాడు. తెర మీద ఫలానా మాట కనబడేదాకా ఆగు, కనబడగానే ఈ జవాబు పంపు: అంతే దాని పని. తిప్పలన్నీ ఆ ఫలానా మాటతోనే. ఒక స్విచ్ 'యూజర్‌నేమ్' అంటుంది, ఇంకోటి 'లాగిన్' అంటుంది. కాన్ఫిగరేషన్ పొడుగైతే తెర నిండగానే అడుగున 'మోర్' అని చూపించి ఆగిపోతుంది. మనిషైతే స్పేస్‌బార్ నొక్కుతాడు. ఎక్స్‌పెక్ట్ మనం వేరే చెప్పకపోతే పది సెకన్లు చూసి తన దారిన తాను పోతుంది. సగం ఫైలే బ్యాకప్ పేరుతో భద్రంగా కూర్చుంటుంది. అందుకే సిస్కో స్విచ్‌లో ముందుగా 'టెర్మినల్ లెంగ్త్ జీరో' కొట్టించాలి. ఫైలు చివర్న 'ఎండ్' ఉందో లేదో కూడా స్క్రిప్టే చూడాలి.

మా ఊళ్లో కరెంటు పోతే రూటర్ ఆరిపోతుంది, స్క్రిప్టు నడిమధ్యలో తెగుతుంది. దాంతో స్క్రిప్టును, అందులోనే పాస్‌వర్డునూ జంప్ సర్వర్‌లో పెట్టేసి అక్కడే నడుపుదామన్న ఆశ పుడుతుంది. పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగలపాలయ్యాకే 1995లో తాతు యులోనెన్ లాగిన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దాన్ని వాడుతూనే పాస్‌వర్డు ఫైల్లో రాసిపెట్టడమంటే ఇంటికి తాళమేసి చెవి గడప మీద పెట్టడమే.

2016లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ప్రాక్సీజంప్ వచ్చింది. దాంతో జంప్ సర్వర్ మీదుగా నేరుగా స్విచ్‌లోకి పోవచ్చు; పాస్‌వర్డుకు బదులు వాడే కీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, మధ్యలోని సర్వర్ ఎన్‌క్రిప్టయిన డేటాను దాటిస్తుందంతే. లోపల ఏ కమాండ్ కొట్టామో దానికి తెలియదు కనుక సెక్యూరిటీవాళ్లు గొణుగుతారు. ఆ లెక్క స్విచ్‌లే రాసి పంపేలా పెట్టుకోవచ్చు. ఇక కరెంటు సంగతంటారా, పూర్తయిన స్విచ్‌లను వదిలేసి మిగతావాటి నుంచి మొదలుపెట్టేలా స్క్రిప్టు రాస్తే సరి.

ఎన్‌క్రిప్షన్ లేని పాత టెల్నెట్ తప్ప ఏమీ ఎరగని ముసలి స్విచ్‌లు ఇంకా కొన్నున్నాయి. వాటికి జంప్ సర్వర్‌లో ఎక్స్‌పెక్టే గతి. పాస్‌వర్డు మాత్రం స్క్రిప్టు మొదలయ్యేటప్పుడు నన్నడుగుతుంది, ఒక్కసారి చేత్తో కొడతాను.