రొయ్య పిల్లకు 'సీడ్' అని పేరు

తెలుగులో రొయ్య మీద వచ్చే రాతల్లో ఎక్కువ భాగం సాగు గురించే. ఎకరానికి ఎన్ని పిల్లలు, మేత ఎంత, కౌంట్ ఎంత, ధర ఎంత. పత్రికల వ్యవసాయ పేజీ తీసినా, శిక్షణ పుస్తకం తీసినా కథ 'సీడ్' దగ్గరే మొదలవుతుంది. అవి రైతు కోసం రాసినవి, ఆ పని బాగానే చేస్తాయి. నా పేచీ ఆ మాటతోనే. సీడ్ అంటే విత్తనం. మాది నల్లగొండ జిల్లా. మెట్ట సేద్యం తెలిసినవాళ్ళకు విత్తనం అంటే ఒకసారి వేసి, పండినదాంట్లోంచి మళ్ళీ తీసిపెట్టుకునేది. రొయ్య దగ్గర ఆ లెక్క అన్నిచోట్లా కుదరదు.

సముద్రపు రొయ్యల్నే చూడండి. టైగర్ రొయ్య, తెల్ల రొయ్య గుడ్లను నేరుగా సముద్రపు నీళ్ళలోకి వదిలేస్తాయి. పెద్ద టైగర్ తల్లి ఒక్క విడతలోనే లక్షల్లో పెడుతుంది. పిల్లలు పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సుల్లోకి వచ్చి పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. ఈ రెండు జాతుల్లోనూ ఆడది పెంకు విడిచి, ఒళ్ళు మెత్తగా ఉన్నప్పుడే జతకడుతుంది. 2009లో మన దేశం సాగుకు అనుమతించిన వనామీ పసిఫిక్ తీరపు జాతి. అది గట్టి పెంకుతోనే జతకడుతుంది. అన్నీ సముద్రపు రొయ్యలే అయినా పద్ధతి ఒకటి కాదు.

నీలకంఠ రొయ్యది ఇంకో దారి. ఇది నదిలో పెరుగుతుంది. గుడ్లను వదిలేయదు, దాదాపు మూడు వారాలు పొట్ట కింద మోస్తుంది. కానీ పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. అందుకే తల్లి ఏటి వాలున సముద్రం దగ్గరికి దిగుతుంది, పదకొండు దశలు దాటిన పిల్ల ఏటికి ఎదురెక్కుతుంది. కృష్ణ మీద 1957లో ప్రకాశం బ్యారేజి, ఆ పైన 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ వచ్చాక ఆ దారి మా దాకా రాదు.

తెలంగాణ చెరువుల్లో, రిజర్వాయర్లలో ప్రభుత్వం వదిలే పిల్లలు ఈ నీలకంఠవే. మంచినీళ్ళలో బాగా పెరుగుతాయి, ఆడవి గుడ్లు కూడా పెడతాయి, కానీ ఆ పిల్లలు దక్కవు. అదే మంచినీళ్ళలో లమారీ లాంటి చిన్న రొయ్యలు ఎవరూ వదలకుండానే సంతానం పెంచుకుంటాయి. వాటి గుడ్లు తక్కువ, సైజు పెద్దవి, పిల్లకు ఉప్పునీళ్ళ అవసరం లేదు.

రాసేవాళ్ళు ఈ తేడా చెప్పకపోతే నష్టపోయేది చెరువు మీద బతికే మత్స్య సహకార సంఘాలు. సీడ్ వచ్చింది అంటే పంట వచ్చినట్టు వినిపిస్తుంది. నిజానికి వచ్చింది ఒక్క ఏటి పట్టుబడి. మరుసటి ఏడు ఉప్పునీటి హేచరీ నుంచి పిల్లలు రాకపోతే వలలో నీలకంఠ ఉండదు. కోడ్ రాసేటప్పుడు రెండు వేరే వస్తువులకు ఒకే పేరు పెడితే తప్పు ఎక్కడుందో దొరకదు. 'సీడ్' కూడా అలాంటి పేరే. రొయ్య గురించి రాసే ప్రతివాళ్ళూ ధర కంటే ముందు ఒక వాక్యం రాయాలి: ఇది ఏ జాతి, దీని పిల్ల ఏ నీళ్ళలో బతుకుతుంది.